ఏటికి లెక్క ఉంది, గెడ్డకు లెక్కేదీ?

ఈ సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, పోరాటాల గురించి, పండుగల గురించి మాకంటే బాగా తెలిసినవారు రాస్తారని అనుకున్నాం. అందుకే మేము గెడ్డల గురించి రాస్తున్నాం. గెడ్డకు చరిత్ర ఏమిటని కొందరికి అనిపించవచ్చు. గెడ్డ ఎండిపోయిన రోజున ఊరు కదిలిపోతుంది. ఊరు కదిలితే భాష, పండుగ, బంధుత్వం అన్నీ కదిలిపోతాయి. కనుక గెడ్డ చరిత్ర ఊరి చరిత్రే.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ప్రాంతంలో పెద్ద ఏటి నీటిని ప్రభుత్వాలు దశాబ్దాలుగా కొలుస్తున్నాయి. ఆ ఏటికి ప్రాణం పోసే కొండ గెడ్డలకు, ఊటలకు మాత్రం లెక్క రాసిపెట్టినవారు దాదాపు లేరు. కొండ దగ్గరికి గని వచ్చిన రోజున ఆ లెక్క లేకపోవడమే మన మాటకు బలం లేకుండా చేస్తుంది.

ఏటి లెక్క

పాతపట్నం ప్రజలకు మహేంద్రతనయ కొత్త కాదు. మహేంద్రగిరి కొండల్లో పుట్టి, పర్లాఖిముండిని, పాతపట్నాన్ని ఒరుసుకుంటూ వచ్చి, గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాఖిముండి అటు పోయింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. మనుషులకు గీత గీశారు గాని నీటికి గీత గీయలేకపోయారు. ఆనాటి నుంచి రెండు రాష్ట్రాలకూ ఈ నీరు ఉమ్మడి ఆస్తే, ఉమ్మడి తగవు కూడా.

వంశధార ఒడిశాలోని కలహండి, రాయగడ జిల్లాల సరిహద్దు కొండల్లో పుట్టి, సుమారు 254 కిలోమీటర్లు ప్రవహించి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1962లో రెండు రాష్ట్రాలూ కూర్చుని గొట్టా దగ్గర దొరికే నీటిని 115 టీఎంసీలుగా లెక్కగట్టి చెరి సగం పంచుకోవాలని అనుకున్నాయి. ఆ తరువాత కాట్రగడ దగ్గర సైడ్ వియర్, నేరడి దగ్గర బ్యారేజీ విషయాల్లో మాట కుదరక తగవు పెరిగింది. 2010లో కేంద్రం వంశధార జలవివాదాల ట్రిబ్యునల్‌ను నియమించింది. 2013 డిసెంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ, ప్రవాహాన్ని పర్యవేక్షించడానికి ముగ్గురు సభ్యుల కమిటీని కూడా ట్రిబ్యునల్ ఏర్పాటు చేసింది. తుది నివేదిక 2017 సెప్టెంబరులో వచ్చింది.

ఈ సంగతులన్నీ ఎందుకు చెబుతున్నామంటే, ఇంత వాదన జరగడానికి ఒక పునాది ఉండాలి. ఆ పునాది కొలత. గజపతి జిల్లాలోని కాశీనగర్ దగ్గర కేంద్ర జలసంఘం వారు ఏటి మట్టాన్ని, ప్రవాహాన్ని కొలుస్తారు. గొట్టా దగ్గర మన ఇంజనీర్లు కొలుస్తారు. ఏ సంవత్సరం ఎంత వచ్చింది, ఏ నెలలో ఎంత పోయింది అని పుస్తకాలు ఉన్నాయి. ఆ పుస్తకాలు ఉన్నాయి కాబట్టే రెండు రాష్ట్రాల వకీళ్ళు ట్రిబ్యునల్ ముందు నిలబడి మాట్లాడగలిగారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. ఒక కొండ ఊట సెకనుకు అర లీటరు ఇస్తుందనుకోండి. ఆ ఊట ఒక్క టీఎంసీ నీరు ఇవ్వడానికి సుమారు 1,800 సంవత్సరాలు పడుతుంది. కాబట్టి టీఎంసీలతో లెక్కపెట్టే పుస్తకంలో ఆ ఊట కనబడదు. అదే ఊట రోజుకు 43,200 లీటర్లు ఇస్తుంది. మనిషికి రోజుకు 55 లీటర్లు అని జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క ప్రకారం 785 మందికి సరిపోతుంది. ప్రభుత్వ పుస్తకంలో సున్నా అయినది ఒక గూడేనికి, ఇంకో గూడేనికి కూడా జీవనాధారం.

పెద్దల లెక్క

కొండమీద లెక్క అసలే లేదని మేము అనడం లేదు. ఉంది, కాగితం మీద లేదు. మా హాస్టల్లో సవర, జాతాపు పిల్లలు ఎక్కువ. సెలవులకు ఇంటికి పోయి వచ్చినప్పుడు, మీ ఊరి గెడ్డ ఏ నెలలో తగ్గుతుంది అని అడుగుతాం. ఏ పిల్లా నెల పేరు చెప్పదు. కందికొత్తల పండక్కి మోకాలి లోతు ఉంటుంది, జీడిపిక్కలు ఏరేటప్పుడు మడమ తడుస్తుంది, టెంకపండక్కి ఇసక తవ్వి చెలమ తీసుకోవాలి అంటారు. ఇది కొలత కాదా? కొలతే. మోకాలు, మడమ, చెలమ అని మూడు గుర్తులు పెట్టి, పండుగలను తేదీలు చేసుకున్న కొలత ఇది.

సవరల వ్యవసాయం చూసినా ఈ సంగతి తెలుస్తుంది. కొండవాలులో రాళ్ళు పేర్చి గట్లు కట్టి, మెట్టు మెట్టుగా మళ్ళు చేసి, గెడ్డ నీటిని పై మడి నుంచి కింది మడికి దించుతూ వరి పండించే నేర్పును వందేళ్ళ కిందటే బయటివారు చూసి ఆశ్చర్యపడి రాశారు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో కూడా సవరల మెట్టమళ్ళ ప్రస్తావన ఉంది. గెడ్డలో ఎంత నీరు, ఎన్నాళ్ళు వస్తుందో తెలియకుండా ఎవరూ అన్ని రాళ్ళు మోసి గట్టు కట్టరు. పై మడి ఎంత వెడల్పు ఉండాలో, ఎన్ని మళ్ళకు నీరు అందుతుందో లెక్క తెలిసినవాడే కట్టాడు. ఆ లెక్క తాత నుంచి మనవడికి నోటిమాటగా వచ్చింది.

నోటిమాటకు ఒక కష్టం ఉంది. కచేరీలో, కోర్టులో అది నిలబడదు. మన భాష సంగతే తీసుకోండి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాఖిముండిలో పాఠాలు చెప్పిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, వినినదాన్ని విన్నట్టు రాసిపెట్టారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథం మద్రాసు ప్రభుత్వం తరఫున అచ్చయింది. ఆయన రాయక ముందు కూడా సవర భాష ఉంది. ఆయన రాసిన తరువాత దాన్ని లేదనడానికి ఎవరికీ వీలు లేకపోయింది. గెడ్డలకు అటువంటి పంతులు ఇంకా రాలేదు.

గని వస్తే నీటికి ఏమవుతుంది

మన ఉత్తరాంధ్రకు గని కొత్త కాదు. భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైనదే విజయనగరం జిల్లాలో, 1892లో. కోడూరు, గర్భాం, గరివిడి పేర్లు ఆనాటి నుంచి భూగర్భ శాస్త్రవేత్తల పుస్తకాల్లో ఉన్నాయి. కోడూరులో దొరికిన ఒక రకం రాతికి కోడూరైట్ అనే పేరే పెట్టారు. రాయికి మన ఊరి పేరు దక్కింది గాని, ఆ రాయి పక్కన పారిన గెడ్డ పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆనాటి శాస్త్రవేత్త వచ్చింది ఖనిజం కోసం. ఏది వెతకడానికి వస్తే అదే రాస్తారు.

అవి ఎక్కువగా పైనుంచి తవ్వే గనులు. భూమి కిందికి దిగి తవ్వే పెద్ద గనులు చూడాలంటే గోదావరి లోయకు పోవాలి. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్టు గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920లో అదే సింగరేణి కాలరీస్ అయింది. అది కోయల, గోండుల, నాయకపోడుల నేల. మన తెలుగువాళ్ళకు భూగర్భ గని అంటే ఏమిటో నేర్పింది ఆ నేలే.

భూగర్భ గని గెడ్డను మూడు రకాలుగా తాకుతుందని మేము పిల్లలకు చెబుతాం. మొదటిది, తోడడం. గనిలోకి రాతి సందుల నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది. పని జరగాలంటే రాత్రింబగళ్ళు పంపులతో తోడి పైకి పోయాలి. బావిలో నీరు తోడితే పక్క బావి తగ్గినట్టే, గనిలో నీరు తోడితే చుట్టుపక్కల భూగర్భ నీటిమట్టం దిగుతుంది. వేసవిలో గెడ్డను బతికించేది ఆ భూగర్భ నీరే. వానాకాలంలో తేడా తెలియదు, మాఘం దాటిన తరువాత తెలుస్తుంది.

రెండోది, కుంగడం. కింద బొగ్గు తీసేసిన చోట ఖాళీ మిగులుతుంది. పైకప్పు కుంగితే ఆ కుంగుబాటు నేలమీది వరకు వస్తుంది. అందుకనే సింగరేణి గనుల్లో గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా పంపి ఆ ఖాళీలు నింపే పద్ధతి ఉంది. నింపకుండా వదిలిన చోట గెడ్డ అడుగు రాయి పగిలితే, పైన పారే నీరు ఆ పగులులో దిగిపోతుంది. గెడ్డ ఎగువన పారుతూనే ఉంటుంది, దిగువన రాళ్ళు తేలి ఉంటాయి.

మూడోది, వదలడం. తోడిన నీటిని ఎక్కడో ఒకచోట వదలాలి. అది ఒక గెడ్డలోకే పోతుంది. అప్పుడు ఎండాకాలంలో కూడా ఆ గెడ్డ నిండుగా కనిపిస్తుంది. చూసినవారు గని వచ్చాక నీరు పెరిగిందని కూడా అంటారు. ఆ నీరు ఏ ఊరి బావిలోంచి వచ్చిందో, అందులో ఏమేమి కలిశాయో కంటికి కనబడదు. గని మూసి పంపులు ఆపిన రోజున అది కూడా ఆగిపోతుంది.

బొగ్గు గనులకు నీటి గురించి చట్టం లేదా అంటే ఉంది. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల ప్రకారం నది, కాలువ, చెరువు కింద గాని, వాటి ఒడ్డుకు 15 మీటర్ల లోపు గాని ముందస్తు అనుమతి లేకుండా తవ్వకూడదని ఉండేది. ఇటువంటి నిబంధన ఎందుకు అవసరమో కన్నీళ్ళే చెబుతాయి. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీరు దూసుకొచ్చి 370 మందికి పైగా చనిపోయారు. 2003 జూన్ 16న మన గోదావరిఖనిలో 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. కార్మికుల ప్రాణం కోసం ఇటువంటి నిబంధన తప్పక ఉండాలి. అయితే గమనించండి, అది గనిని ఏటి నుంచి కాపాడే నిబంధన. ఏటిని గని నుంచి కాపాడే నిబంధన కాదు.

మన ఏటి తలమీద జరిగిన కథ

మరి మన వంశధారకు గనితో సంబంధం ఏమిటి? వంశధార పుట్టిన దిక్కునే నియమగిరి ఉంది. డోంగ్రియా కోందుల కొండ అది. ఆ కొండ నెత్తిన బాక్సైటు తవ్వాలని ఒడిశా మైనింగ్ కార్పొరేషన్, వేదాంత సంస్థ పూనుకున్నాయి. అది భూగర్భ గని కాదు, కొండ నెత్తిని చెక్కే గని. కాని నీటి ప్రశ్న మాత్రం అదే. బాక్సైటు పొర వాననీటిని పీల్చుకుని నెమ్మదిగా ఊటలుగా వదులుతుంది. పొర తీసేస్తే ఊటలు ఏమవుతాయి?

2005లో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ తన నివేదికలో, వంశధారకు నీరిచ్చే కొండ ఇదని, లీజు ప్రాంతంలోనే 36 వాగులు పుడుతున్నాయని చెప్పింది. 2006లో రాంచీకి చెందిన గని ప్రణాళికా సంస్థ అధ్యయనం చేసి, తవ్వకం వల్ల నీటి వనరులకు నష్టం లేదని, పక్క రాళ్ళలో సన్నని పగుళ్ళు ఏర్పడి నీరు భూమిలోకి ఇంకడానికి వీలవుతుందని చెప్పింది. 2010లో సక్సేనా కమిటీ వచ్చి, తవ్వకం ఆ ప్రాంతపు నీటి వ్యవస్థనే తారుమారు చేస్తుందని, దాని మీద ఆధారపడిన మనుషులు, అడవి దెబ్బతింటాయని చెప్పింది.

కొండ ఒకటే, నీరు ఒకటే, జవాబులు మాత్రం రెండు. ఇద్దరూ చదువుకున్నవారే. చివరకు నియమగిరి నిలిచింది నీటి లెక్క వల్ల కాదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, కొండ మీద కోందుల పూజాహక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. ఆ పన్నెండు ఊళ్ళ వాళ్ళు తమ దేవుడి కోసం నిలబడ్డారు. ఆ ఫలం గొట్టా కాలువ కింద వరి వేసే మన రైతుకు కూడా అందింది. ఈ సంగతి మన పల్లపు రైతుల్లో ఎంతమందికి తెలుసో గాని, తెలియవలసినది.

కాని ప్రతి కొండా నియమగిరి కాదు. ప్రతి ఊరి వెనుక సుప్రీంకోర్టు వరకు పోయే బలం ఉండదు. అటువంటి ఊళ్ళకు ఏది ఆధారం?

ఒక రుతువా, రెండేళ్ళా

మన దేశంలో 1994లో, మళ్ళీ 2006లో పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటనలు వచ్చాయి. వాటి ప్రకారం గని రాకముందు అక్కడి గాలి, నీరు, నేల ఎలా ఉన్నాయో రాయాలి. చాలా మంచి మాట. అయితే గనులకు అడిగే ప్రాథమిక సమాచారం సాధారణంగా ఒక రుతువుది, అదీ వానాకాలం కానిది. మూడు నెలల లెక్క. గెడ్డ అంటే ఏమిటో తెలిసిన ఏ సవర ముసలమ్మను అడిగినా నవ్వుతుంది. శ్రావణంలో పొంగి, పుష్యంలో సన్నబడి, వైశాఖంలో చెలమగా మిగిలే గెడ్డను మూడు నెలల్లో ఎలా తెలుసుకుంటారు? ఒక ఏడు వాన ఎక్కువ, ఒక ఏడు తక్కువ, ఒక ఏడు తుఫాను. ఏ ఏటి గెడ్డ అసలు గెడ్డ?

ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరానికి దక్షిణాన మెట్రోపాలిటన్ కాలరీ అనే భూగర్భ బొగ్గు గని ఉంది. దాని పైన వారటా అనే చిన్న వాగు వొరోనోరా జలాశయంలోకి పారుతుంది. కింద బొగ్గు తీయగా వాగు అడుగు రాయి పగిలి, కొన్ని చోట్ల నీరు పగుళ్ళలోకి దిగిపోయింది. ఆ ప్రాంత గనుల మీద ప్రభుత్వం విచారణ వేసింది. 2008లో వచ్చిన ఆ నివేదిక చెప్పిన మాటల్లో ఒకటి, ముఖ్యమైన సహజ వనరులకు కనీసం రెండేళ్ళ ముందస్తు లెక్క ఉండాలని. మహానగరానికి తాగునీరిచ్చే చోట కూడా వాగు పగిలిన తరువాతే ఈ మాట వచ్చింది. మనం పగలక ముందే నేర్చుకోవచ్చు.

మన ఊళ్ళకు ఇది ఎందుకు మరీ అవసరం

1997 జూలై 11న వచ్చిన సమత తీర్పు మనందరికీ తెలుసు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గిరిజనేతరులకు ఇచ్చిన గని లీజులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. అది భూమి ప్రశ్న మీద వచ్చిన గెలుపు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు పోకూడదన్న 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ ఆ గెలుపుకు ఆధారం.

మన శ్రీకాకుళం జిల్లా సంగతి వేరు. ఇక్కడ కొండ ఊళ్ళు చాలా షెడ్యూలు బయటే ఉండిపోయాయి. పక్క గూడెం షెడ్యూల్లో ఉంటుంది, ఈ గూడెం ఉండదు. వాటిని షెడ్యూల్లో చేర్చాలని మనవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి సీతంపేట, భామిని అటు వెళ్ళిన తరువాత పాతపట్నం, మెళియాపుట్టి వైపు మిగిలిన కొండ ఊళ్ళకు ఈ బెంగ ఇంకా ఎక్కువైంది. షెడ్యూలు బయటి ఊరికి సమత తీర్పు నీడ అందదు.

అందరికీ అందే నీడ ఒకటి ఉంది. 2006 అటవీహక్కుల చట్టం. ఇది షెడ్యూలు ఊరికీ, షెడ్యూలు కాని ఊరికీ వర్తిస్తుంది. అందులో 5వ సెక్షను, హక్కుదారులకు, గ్రామసభకు ఒక అధికారం ఇచ్చింది. అడవిని, వన్యప్రాణులను కాపాడుకోవడంతో పాటు, చుట్టుపక్కల పరీవాహక ప్రాంతాలు, నీటి వనరులు తగినంతగా కాపాడబడేలా చూసుకోవచ్చని రాసి ఉంది. పట్టాల కోసం ఈ చట్టం చదివినవారు ఎక్కువ. నీటి కోసం చదివినవారు తక్కువ. గ్రామసభ ఈ అధికారం వాడాలంటే, మా గెడ్డ ఇది, ఇంత నీరు ఇస్తుంది, ఇన్ని నెలలు ఇస్తుంది అని తీర్మానంలో రాయగలగాలి. రాయాలంటే లెక్క ఉండాలి.

లెక్క ఎలా రాయాలి

ఇది పెద్ద చదువు పని కాదు. ఎనిమిదో తరగతి పిల్ల చేయగలదు. ఊట దగ్గర నీరు ఒక ధారగా పడేచోట 10 లీటర్ల బకెట్ పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో ఫోనులో చూసుకోవాలి. మూడుసార్లు చూసి సగటు రాయాలి. 20 సెకన్లు పడితే సెకనుకు అర లీటరు. 40 పడితే పావు లీటరు.

గెడ్డ అంతకంటే పెద్దదైతే, లంబకోణంలో వి ఆకారపు గాడి కోసిన రేకును గెడ్డకు అడ్డంగా బిగించి, గాడి మొన నుంచి నీరు ఎంత ఎత్తు ఉందో కొలుస్తారు. ఎత్తు 10 సెంటీమీటర్లు ఉంటే సెకనుకు సుమారు 4.4 లీటర్లు పారుతున్నట్టు. 5 సెంటీమీటర్లు ఉంటే ముప్పావు లీటరు మాత్రమే. ఎత్తు సగం అయితే నీరు ఐదో వంతు కంటే తక్కువైపోతుందన్న మాట. సగం తగ్గిందిలే అని కన్ను చెప్పేదానికీ, గాడి చెప్పేదానికీ ఉన్న తేడా ఇది.

ఒక్క గెడ్డను కొలిస్తే చాలదు. గని గాని, క్వారీ గాని వచ్చేచోటుకు పైన ఒకటి, కింద ఒకటి, వీటికి దూరంగా, గనితో సంబంధం లేని మరో కొండ గెడ్డ ఒకటి కొలవాలి. వానకొలత కూడా పక్కనే రాయాలి. రేపు నీరు తగ్గిందని మనం అంటే ఎదుటివారు మొదట అడిగే ప్రశ్న, వాన తగ్గిందా, గని తాగిందా అని. దూరపు గెడ్డ బాగా పారుతూ, దగ్గరి గెడ్డ ఒక్కటే ఎండితే ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. రెండూ ఎండితే అది వాన తప్పే కావచ్చు, దాన్ని కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. లెక్క మనవైపు మాట్లాడినప్పుడే కాదు, మాట్లాడనప్పుడు కూడా రాసేదే లెక్క.

నెలకు రెండుసార్లు, ఒకే చోట, ఒకే సమయానికి. తేదీ పక్కన పండుగ పేరు కూడా రాయమని మేము పిల్లలకు చెబుతాం. ఎందుకంటే పుస్తకంలోని అంకె అమ్మమ్మకు అర్థం కావాలి, అమ్మమ్మ చెప్పిన మోకాలు, మడమ లెక్క రేపటి ఇంజనీరుకు అర్థం కావాలి. గెడ్డ పేరు సవరలో ఏమంటారో అదే పేరు ముందు రాసి, తెలుగు పేరు తరువాత రాయాలి. కాగితం మీద గెడ్డకు పేరు లేకపోతే, రేపు పటంలో అది పేరు లేని గీతగానే మిగులుతుంది. పేరు లేని గీతను తుడిచేయడం సులువు.

ఇటువంటి పుస్తకం గ్రామసభ దగ్గర ఒకటి, బడి దగ్గర ఒకటి, మన సంఘం దగ్గర ఒకటి ఉండాలని మా కోరిక. ఏటేటా ఈ సంచికలో కొన్ని గెడ్డల లెక్కలు అచ్చువేస్తే పదేళ్ళకు మన కొండల నీటి చరిత్ర మన చేతిలోనే ఉంటుంది. గని రాకపోతే మంచిదే. అప్పుడు ఆ లెక్క కుళాయి గొట్టం వేయడానికి, మడి కట్టడానికి, ఎండాకాలం ఎన్నాళ్ళు నీరు ఉంటుందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. గని వస్తే ఊరి తరఫున మొదటి సాక్షి ఆ పుస్తకమే.

కాశీనగర్ దగ్గర, గొట్టా దగ్గర ఏటి మట్టం రాసే ఉద్యోగి వానైనా, వరదైనా తన పుస్తకం తెరుస్తాడు. అతడు రాసే ప్రతి అంకెలోనూ మన కొండ ఊటల నీరు ఉంది. ఆ నీటి మొదటి పేజీ రాయవలసినవాళ్ళం మనమే. ఈ సంచిక చదివే ఉపాధ్యాయులు, వార్డెన్లు, చదువుకున్న యువతీయువకులు తమ ఊరి ఒక్క గెడ్డను ఎంచుకుని ఈ కార్తీకం నుంచి మొదలుపెట్టాలని కోరుతున్నాం.

జై ఆదివాసీ.